అనుమతి ఉన్న మందే, సరే... ఎవరికి, ఎంత డోసు, ఎన్నాళ్లు?

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. మోకాళ్ల అరుగుదలతో నొప్పి ఎక్కువైందని డాక్టరుకు చూపిస్తే ఎటోరికాక్సిబ్ 90 మి.గ్రా. మాత్ర రోజుకొకటి చొప్పున నెల రోజులకు రాశారు. మొదలుపెట్టి ఆరు రోజులైంది, నొప్పి బాగా తగ్గింది. బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఎనిమిదేళ్లుగా వాడుతోంది. ఎవరో చెప్పారని కీళ్లకు గ్లూకోసమైన్ సప్లిమెంటు కూడా తీసుకుంటోంది. ఈ నొప్పి మాత్రకు అమెరికాలో అనుమతే లేదని చదివినప్పటి నుంచి నాకు మనసు మనసులో లేదు. మా అన్నయ్యేమో "ప్రభుత్వం పరీక్షలన్నీ చేశాకే అనుమతిస్తుంది, నీకెందుకు అనుమానం?" అంటున్నాడు. ఇంట్లో బీపీ మిషను మీదా, సప్లిమెంటు డబ్బా మీదా కూడా ప్రభుత్వ నంబర్లున్నాయి. వీటిని ఎంతవరకు నమ్మొచ్చు? మాత్ర ఆపేయమంటారా?

సమాధానం: ముందు అమ్మగారి సంగతి చూద్దాం, అనుమతి సంగతి తర్వాత.

ఇవాళే అమ్మగారి బీపీ చూడండి. పై అంకె 140 గానీ, కింది అంకె 90 గానీ దాటి, కాసేపాగి మళ్లీ చూసినా అలాగే ఉంటే, రేపటి నొప్పి మాత్ర వేయకముందే డాక్టరుతో మాట్లాడండి. బీపీ బాగానే ఉన్నా ఈ వారంలో డాక్టరును కలవాల్సిందే. ఎందుకో కింద వివరంగా చెబుతాం. పాదాలు, చీలమండలు వాచినా, ఆయాసం వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, విరేచనం తారులా నల్లగా అయినా, ఛాతీలో బరువుగా ఉన్నా, మాట తడబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా ఎటోరికాక్సిబ్ ఆపేసి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ మాత్ర ఆపితే నొప్పి తిరిగొస్తుందే తప్ప ఆపినందువల్ల ప్రమాదమేమీ ఉండదు. బీపీ మాత్రను మాత్రం భయపడి మీ అంతట మీరు ఆపకండి, అది ప్రమాదం.

ఇక మీ అన్నయ్య మాట. అందులో ఒక పొరపాటు ఉంది, చాలామంది అలాగే అనుకుంటారు. మందు మీద పరీక్షలు చేసేది ప్రభుత్వం కాదు. జంతువుల మీద, ఆ తర్వాత మనుషుల మీద పరీక్షలు చేసేదీ, చేయించేదీ మందు తయారుచేసే కంపెనీయే. ఆ ఫలితాలన్నీ దస్త్రాలుగా సమర్పిస్తే, ఔషధ నియంత్రణ సంస్థలోని నిపుణులు వాటిని చదివి, లెక్కలు సరిచూసి, ఫ్యాక్టరీని తనిఖీ చేసి ఒక నిర్ణయానికి వస్తారు. ఇది చిన్న పనేం కాదు. 1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ అనే మందును డైఎథిలీన్ గ్లైకాల్ అనే ద్రావకంలో కరిగించి సిరప్‌గా అమ్మారు. రుచి, వాసన, రంగు చూశారు గానీ అది విషమో కాదో చూడలేదు. అలా చూడాలని అప్పటి చట్టంలో లేదు కూడా. వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఎందరో ఉన్నారు. ఆ మరుసటి ఏడాదే, మందు అమ్మేముందు అది సురక్షితమని చూపించాలని చట్టం వచ్చింది. అనుమతి వ్యవస్థ లేని రోజులు ఎలా ఉండేవో తెలిసినవాళ్లెవరూ దాన్ని తేలిగ్గా తీసిపారేయరు.

అయితే ఆ అనుమతి చెప్పేదేమిటి? "ఈ మందు సురక్షితం" అని కాదు. ఫలానా జబ్బుకు, ఫలానా డోసులో, ఫలానా రకం మనుషులు, ఫలానా కాలం వాడితే, ఇవాళ్టి వరకు దొరికిన ఆధారాల ప్రకారం కీడు కన్నా మేలు ఎక్కువ అని. ఈ షరతుల్లో ఏ ఒక్కటి తప్పినా అనుమతి మీ అమ్మగారికి వర్తించడం మానేస్తుంది. మాత్ర అదే, కంపెనీ అదే, డబ్బా మీద నంబరూ అదే. అయినా సరే.

మీ చేతిలో ఉన్న మాత్రతోనే చూద్దాం. ఐరోపా దేశాల్లో ఎటోరికాక్సిబ్‌కు ఇచ్చిన అనుమతి పత్రంలో ఒక్కో జబ్బుకు ఒక్కో డోసు ఉంటుంది. మోకీలు అరుగుదలకు రోజుకు 30 మి.గ్రా. చాలకపోతే 60. అంతకుమించి వద్దు. కీళ్లవాతానికి, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్‌కు, 60తో మొదలుపెట్టి అవసరమైతే 90. గౌట్, అంటే యూరిక్ ఆమ్లం పేరుకుని వచ్చే కీళ్లనొప్పి, ఉధృతంగా ఉన్నప్పుడు 120, అదీ ఎక్కువలో ఎక్కువ 8 రోజులే. అంటే 90 మి.గ్రా. అనుమతి లేని డోసు కాదు గానీ, అరుగుదలకు ఇచ్చే డోసు మాత్రం కాదు. మీ అమ్మగారికి అరుగుదల ఒక్కటేనా, కీళ్లవాతం ఉందనే అనుమానం కూడా డాక్టరుకు ఉందా అన్నది ఆయన్నే అడగాలి. డాక్టర్లు అనుమతి పత్రం దాటి మందు రాయడం చాలా దేశాల్లో నేరం కాదు, చాలా సందర్భాల్లో అవసరం కూడా. కాకపోతే, అలా రాసినప్పుడు ఆ నిర్ణయం ప్రభుత్వానిది కాదు, ఆ డాక్టరుది. కారణం తెలుసుకునే హక్కు మీకుంది.

అదే పత్రంలో ఇంకో మాట ఉంది, మీకు సంబంధించినంతవరకు డోసు కన్నా అదే ముఖ్యం. బీపీ 140/90కి పైనే ఉంటూ అదుపులో లేనివాళ్లకు ఈ మందు ఇవ్వకూడదు. గుండెకు రక్తం సరిగా అందని జబ్బు, గుండె వైఫల్యం, పక్షవాతం వచ్చినవాళ్లకు, కడుపులో పుండు ఉన్నవాళ్లకు, కిడ్నీలు బాగా దెబ్బతిన్నవాళ్లకు కూడా కూడదు. మందు మొదలుపెట్టే ముందు బీపీ అదుపులో ఉండాలి, మొదలుపెట్టిన రెండు వారాల్లోపు మళ్లీ చూడాలి, ఆ తర్వాతా అప్పుడప్పుడూ చూస్తుండాలి. మీ అమ్మగారికి ఆరు రోజులే అయింది కాబట్టి ఆలస్యమేం కాలేదు.

అమెరికాలో అనుమతి లేదన్నది నిజమే. 2007 ఏప్రిల్‌లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ సలహా కమిటీ 20–1 ఓట్లతో వద్దంది, ఎఫ్‌డీఏ కూడా తిరస్కరించింది. అప్పటికే ఈ మందు ఐరోపాతో సహా ఎన్నో దేశాల్లో అమ్ముడవుతోంది. ఈ తేడా ఎందుకొచ్చిందో తెలియాలంటే రోఫెకాక్సిబ్ కథ తెలియాలి. అదీ ఈ కుటుంబానికి చెందినదే. కడుపులో పుండ్లు, రక్తస్రావం తక్కువగా ఉంటాయన్న ఆశతో తయారైన ఈ నొప్పి మందు 1999 మేలో అమెరికాలో అనుమతి పొందింది, ప్రపంచమంతా కోట్లమంది వాడారు. పెద్దపేగులో పాలిప్స్ (లోపలి గోడ మీద పెరిగే చిన్న కండలు) మళ్లీ రాకుండా ఆపుతుందేమో చూద్దామని దాదాపు 2,600 మందితో మూడేళ్ల పరీక్ష ఒకటి పెట్టారు. సగంమందికి ఈ మందు, సగంమందికి ఉత్తుత్తి మాత్ర. మొదటి 18 నెలలు రెండు గుంపుల మధ్య పెద్ద తేడా కనిపించలేదు. ఆ తర్వాత మందు వాడిన గుంపులో గుండెపోటు, పక్షవాతం పెరుగుతూ పోయి రెట్టింపయ్యాయి. 2004 సెప్టెంబరు 30న కంపెనీ ఆ మందును ప్రపంచమంతటా ఉపసంహరించుకుంది. 2000లోనే వేరే పరీక్షలో నాప్రోక్సెన్ అనే పాత నొప్పి మందుతో పోలిస్తే గుండెపోట్లు ఎక్కువగా కనిపించాయి గానీ, అది నాప్రోక్సెన్ గుండెకు చేసే మేలేమోనని సర్దిచెప్పుకున్నారు. ఆ సర్దుబాటు ఖరీదు నాలుగేళ్లు.

ఎటోరికాక్సిబ్ వంతు వచ్చేసరికి సుమారు 34,700 మందితో పెద్ద పరీక్ష చేశారు. దాన్ని డైక్లోఫెనాక్ అనే పాత నొప్పి మందుతో పోల్చారు. గుండెపోటు, పక్షవాతం లాంటివి రెండింటిలోనూ దాదాపు సమానంగా వచ్చాయి. ఐరోపా నియంత్రకులు దీన్ని చూసి, హెచ్చరికలు కట్టుదిట్టంగా పెట్టి వాడుకోవచ్చన్నారు. అమెరికా కమిటీ వేరే ప్రశ్న అడిగింది. డైక్లోఫెనాక్ కూడా గుండెకు అంత మంచిది కాదు కదా, దానితో సమానమైతే సురక్షితమని ఎలా అంటాం? పైగా బీపీ పెంచడంలో ఇది ముందుంది, ఇలాంటి మందులు ఇప్పటికే ఎన్నో ఉన్నాయి, ఇంకొకటెందుకు? ఆధారాలు అవే. బేరీజు వేరు. అందుకే ఒక దేశంలో అనుమతి లేదనగానే అది విషమని గానీ, ఇంకో దేశంలో ఉందనగానే నిర్భయంగా మింగొచ్చని గానీ అనుకోవద్దు. "వాళ్లు ఎందుకు కాదన్నారు, ఆ కారణం మా అమ్మకు వర్తిస్తుందా?" ఇదే అడగాల్సిన ప్రశ్న. వాళ్ల ప్రధాన అభ్యంతరాల్లో బీపీ ఒకటి. మీ అమ్మగారికి బీపీ ఉంది. అంటే మీ ఆందోళన ఊరికే పుట్టింది కాదు.

ఇంత పరీక్షించాక కూడా ప్రమాదాలు తర్వాతెందుకు బయటపడతాయంటే, అది ఎక్కువభాగం లెక్కల వ్యవహారం. వైద్య గణాంకాల్లో 'మూడు సూత్రం' ఒకటుంది. 3,000 మందికి మందిచ్చి ఒక్కరికి కూడా ఫలానా ప్రమాదం జరగలేదనుకోండి. దానర్థం ప్రమాదం సున్నా అని కాదు. మూడును ఆ సంఖ్యతో భాగించండి: వెయ్యికి ఒకటి కన్నా ఎక్కువ ఉండకపోవచ్చు అని 95 శాతం నమ్మకంతో చెప్పగలం, అంతే. వెయ్యికొకరి చొప్పున అంటే కోటిమంది వాడితే పదివేల మంది. బీపీ, షుగరు, కీళ్లనొప్పుల్లా ఏళ్ల తరబడి వాడే మందులకు అనుమతికి ముందు ఎంతమంది మీద పరీక్షించాలన్నదానికి 1994 నుంచి ఒక అంతర్జాతీయ మార్గదర్శకం ఉంది. మొత్తం 1,500 మంది, ఆరు నెలలు వాడినవాళ్లు 300 నుంచి 600, ఏడాదిపాటు వాడినవాళ్లు 100. చాలా కంపెనీలు ఇంతకు మించే చేస్తాయి, కానీ కనీసపు గీత అది. రెండో ఏడాదిలో మొదలయ్యే గుండె ప్రమాదం, పదివేలలో ఒకరికి వచ్చే కాలేయ వైఫల్యం ఈ వలకు చిక్కవు. వల కంతలు పెద్దవి.

అలా చిక్కనిదాన్ని పట్టేది అనుమతి తర్వాతి నిఘా. అమెరికాలో 1998 ఆగస్టులో పసిపిల్లల రోటావైరస్ టీకాకు అనుమతి వచ్చింది. సుమారు పదివేల మంది పిల్లలకు ఇచ్చి చూసిన టీకా అది. ఏడాది తిరక్కముందే, టీకా వేశాక పిల్లల్లో పేగు పేగులోకి చొచ్చుకుపోయే సమస్య వచ్చిందని 15 ఫిర్యాదులు నిఘా కేంద్రానికి చేరాయి. పదిహేనంటే పదిహేనే. 1999 జులైలో టీకా వేయడం ఆపారు, అక్టోబరుకల్లా కంపెనీ వెనక్కి తీసుకుంది. తర్వాత లెక్కగడితే ముప్పు పదివేలకు ఒకటి దగ్గర తేలింది. అందుకే ఆ తర్వాత అమెరికాలో వచ్చిన రోటావైరస్ టీకాలను 60 వేలకు పైగా పిల్లల మీద పరీక్షించాకే అనుమతించారు. ఆ పదిహేను ఫిర్యాదులు పంపినవాళ్లు "ప్రభుత్వం అనుమతించింది కదా, కాకతాళీయం అయ్యుంటుంది" అనుకుని ఊరుకుని ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

సంఖ్య ఒక్కటే కాదు, ఎవరి మీద పరీక్షిస్తారన్నది కూడా ఉంది. ఒకే జబ్బుండి, తక్కిన ఒళ్లంతా బాగున్నవాళ్లను ట్రయల్స్‌లోకి ఎక్కువగా తీసుకుంటారు. గర్భిణులు, బాగా పెద్ద వయసువాళ్లు, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు, నాలుగు రకాల మాత్రలు మింగేవాళ్లు బయటే ఉండిపోతారు. బయట మందులు ఎక్కువగా వాడేది మాత్రం వీళ్లే. మీ అమ్మగారి విషయంలో మమ్మల్ని ఎక్కువ కంగారు పెట్టింది ఎటోరికాక్సిబ్ ఒక్కటే కాదు, దాని పక్కన ఉన్న బీపీ మాత్ర.

కిడ్నీలో రక్తాన్ని వడగట్టే గుచ్ఛాలకు లోపలికి వచ్చే నాళం ఒకటి, బయటికి పోయే నాళం ఒకటి ఉంటాయి. లోపల తగిన ఒత్తిడి ఉంటేనే వడపోత జరుగుతుంది. లోపలికి వచ్చే నాళాన్ని తెరిచి ఉంచేవి ఒంట్లోనే తయారయ్యే ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు. నొప్పి మాత్ర వాటిని ఆపేస్తుంది, దాంతో వచ్చే దారి ఇరుకవుతుంది. బయటికి పోయే నాళాన్ని టెల్మిసార్టాన్ వదులు చేస్తుంది, పోయే దారి వెడల్పవుతుంది. హైడ్రోక్లోరోథయజైడ్, అంటే నీటి మాత్ర, ఒంట్లోని నీటిని, ఉప్పును మూత్రంలో పంపేసి అసలు వచ్చే రక్తాన్నే తగ్గిస్తుంది. మూడు మందులకూ అనుమతి ఉంది. ఏ మందుకామందు చూస్తే తప్పులేదు. మూడూ కలిస్తే వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోయి కిడ్నీ ఉన్నట్టుండి దెబ్బతినొచ్చు, పొటాషియం పెరగొచ్చు. ముప్పు మొదటి నెల రోజుల్లోనే ఎక్కువ. వాంతులు, విరేచనాలు పట్టుకున్నా, జ్వరంతో తిండీ నీళ్లూ తగ్గినా ఇంకా ఎక్కువ. అలాంటి రోజు నొప్పి మాత్ర వేయకండి, బీపీ మాత్ర వేయాలా వద్దా అని డాక్టరును అదేరోజు అడగండి. నొప్పి మాత్ర కొనసాగించాలని డాక్టరు అంటే క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు ఇప్పుడొకసారి, మరో రెండు వారాలకు ఇంకోసారి చేయించమని మీరే గుర్తుచేయండి. పాత రిపోర్టు ఉంటే వెంట తీసుకెళ్లండి. అంకె ఎంతుందన్న దానికన్నా పాతదానికి కొత్తదానికి ఎంత తేడా వచ్చిందన్నదే ఎక్కువ చెబుతుంది. ఇంకో సంగతి: ఈ రకం నొప్పి మాత్రలు బీపీ మాత్ర పనిని కూడా కొంత దెబ్బతీస్తాయి. ఎనిమిదేళ్లుగా అదుపులో ఉన్న బీపీ ఈ నెలలో పెరిగితే బీపీ మాత్ర డోసు పెంచడం కాదు పరిష్కారం, ముందు నొప్పి మాత్ర సంగతి చూడాలి.

డబ్బాలో మడతపెట్టి ఉండే కాగితం చదివి భయపడేవాళ్లూ ఉన్నారు, చదవకుండా పారేసేవాళ్లూ ఉన్నారు. అందులో 'చాలా సాధారణం' అంటే పదిమందిలో ఒకరికి లేదా అంతకన్నా ఎక్కువ. 'సాధారణం' అంటే పదిమందికొకరి నుంచి వందకొకరి దాకా. 'అసాధారణం' వంద నుంచి వెయ్యి, 'అరుదు' వెయ్యి నుంచి పదివేలు, 'అత్యంత అరుదు' పదివేలమందిలో ఒకరికన్నా తక్కువ. ఈ మాటలకు ఇలా లెక్క ఉందని తెలిస్తే జాబితా పొడవు చూసి బెదరరు. మొదట చదవాల్సింది సైడ్ ఎఫెక్టుల జాబితా కాదు, "ఎవరు వాడకూడదు", "ఏ మందులతో కలపకూడదు" అన్న రెండు భాగాలు. నల్లగీతల పెట్టెలో హెచ్చరిక ఉంటే అది అన్నిటికన్నా ముందు.

అనుమతికి అందని ఇంకో మూల ఉంది, తయారీ. మందుకు అనుమతి ఒకసారి వస్తుంది, మాత్రలు మాత్రం రోజూ తయారవుతాయి. ప్రతి బ్యాచ్‌నూ ప్రభుత్వం పరీక్షించదు. 2018లో వల్సార్టాన్ అనే బీపీ మందులో క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉందని భావించే ఎన్‌డీఎంఏ అనే పదార్థం బయటపడింది. ముడిమందు తయారీలో ఒక ద్రావకాన్ని మార్చడంతో అది పుట్టింది. అప్పటిదాకా దానికోసం ఎవరూ వెతకలేదు కాబట్టి ఎవరికీ కనబడలేదు. పేరు చివర 'సార్టాన్' ఉండే బీపీ మందుల్లో, టెట్రజోల్ వలయం అనే రసాయన నిర్మాణం ఉన్నవాటి తయారీలో వచ్చిన చిక్కు అది. టెల్మిసార్టాన్‌లో ఆ వలయం లేదు కాబట్టి మీరు కంగారుపడనక్కర్లేదు. అప్పుడు కూడా నియంత్రణ సంస్థలు చెప్పిందేమిటంటే, బదులు మందు చేతికి వచ్చేదాకా ఉన్నది ఆపొద్దని. బీపీ మాత్ర హఠాత్తుగా మానేయడమే అంతకన్నా పెద్ద ప్రమాదం. ఇక 1937 నాటి ఆ డైఎథిలీన్ గ్లైకాల్, అన్ని చట్టాలు వచ్చాక, 2022లో గాంబియాలో పిల్లల దగ్గు సిరప్‌లలో మళ్లీ కనబడింది. పదుల సంఖ్యలో పిల్లలు చనిపోయారు. సిరప్‌లో కలిపే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్ డ్రమ్ముల్లో ఈ విషం కలిసి రావచ్చు, ప్రతి డ్రమ్మునూ పరీక్షిస్తేనే తెలుస్తుంది. ఆ పరీక్ష ఎగ్గొట్టిన చోట అనుమతి కాగితం ఎవరినీ కాపాడదు.

దీనికి ఇంట్లో మీరు చేయగలిగింది చిన్న పనే. స్ట్రిప్ మీద బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ సాధారణంగా ఒక చివరే అచ్చవుతాయి. మాత్రలు రెండో చివర నుంచి తీయడం మొదలుపెట్టండి. చివరి మాత్ర దాకా నంబరు మిగులుతుంది. కత్తెరతో కత్తిరించి డబ్బాలో పోసుకుంటే రీకాల్ ప్రకటన, అంటే ఫలానా బ్యాచ్‌ను వెనక్కి తీసుకుంటున్నామన్న ప్రకటన, వచ్చినా మీదగ్గరున్నది అదో కాదో తెలియదు. బిల్లు మీద బ్యాచ్ నంబరు వేయించుకుని ఫొటో తీసి పెట్టుకోండి. ఎప్పుడూ వాడే మాత్రే రంగు, పరిమాణం, అచ్చు తేడాగా ఉంటే వేసుకోకముందే ఫార్మసిస్టుకు చూపించండి.

బీపీ మిషను విషయానికొస్తే, పరికరాల అనుమతి మందుల అనుమతి లాంటిది కాదు. అమెరికాలో 1976 చట్టం తర్వాత చాలా పరికరాలు "ఇప్పటికే మార్కెట్లో ఉన్న ఫలానా పరికరం లాంటిదే ఇది" అని చూపించి అమ్మకానికి వచ్చాయి, మనుషుల మీద కొత్తగా పరీక్ష లేకుండానే. లోహం మీద లోహం ఒరిసే కృత్రిమ తుంటి కీలు ఒకటి ఈ దారిలోనే వచ్చింది. 2010 ఆగస్టులో రీకాల్ చేసేనాటికి ప్రపంచంలో 93 వేలమందికి అమర్చారు. ఐదేళ్లు తిరిగేసరికి నూటికి 12, 13 మందికి మళ్లీ ఆపరేషన్ చేసి మార్చాల్సి వచ్చింది. ఒరిపిడికి కోబాల్టు, క్రోమియం కణాలు రాలి చుట్టూ కండను తినేశాయి. ఫ్రాన్స్‌లో రొమ్ము ఇంప్లాంట్ల సంగతి ఇంకా ఘోరం. కాగితాల మీద వైద్యానికి పనికొచ్చే సిలికాన్, ఫ్యాక్టరీలో నింపింది పరిశ్రమల్లో వాడే సిలికాన్. 2010లో బయటపడేదాకా వాటి మీద ఐరోపా ముద్ర ఉండనే ఉంది. చూపించినదాన్నే ముద్ర ధ్రువీకరిస్తుంది.

మీ మిషను మీద నంబరు దాన్ని అమ్మడానికి అడ్డులేదని చెబుతుంది, అంకె సరిగ్గా చూపిస్తుందని కాదు. దానికి 'క్లినికల్ వ్యాలిడేషన్' వేరే ఉంటుంది. అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 81060–2 ప్రకారం కనీసం 85 మంది మీద, శిక్షణ పొందినవాళ్లు స్టెతస్కోపుతో చూసిన అంకెలతో మిషను అంకెలను పోల్చాలి, సగటు తేడా 5 మించకూడదు. వైద్య సంఘాలు వ్యాలిడేట్ అయిన మోడళ్ల జాబితాలు ప్రచురిస్తున్నాయి, మీ మోడల్ నంబరు అందులో ఉందేమో చూడండి. మణికట్టుకు కట్టేది కాకుండా భుజం కింద కట్టే రకమే వాడండి. భుజానికీ మోచేతికీ మధ్యన టేపుతో చుట్టుకొలత తీసుకుని, కఫ్ (చేతికి చుట్టే పట్టీ) మీద రాసిన కొలతల్లో అది వస్తుందో లేదో చూడండి. కఫ్ చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. అమ్మగారిని వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టండి. చెయ్యి గుండె ఎత్తులో బల్ల మీద ఉండాలి. ఆ సేపు మాట్లాడించొద్దు. నిమిషం తేడాతో రెండుసార్లు, ఉదయం మాత్రలకు ముందు, మళ్లీ సాయంత్రం. ఇలా వారం రోజులు రాసి, మొదటి రోజువి తీసేసి సగటు కట్టండి. ఇంట్లో సగటు 135/85 దాటితే, డాక్టరు దగ్గర 140/90 దాటినట్టే లెక్క. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, మిషను రెండూ తీసుకెళ్లి అక్కడి మిషనుతో ఒకసారి పోల్చి చూడండి.

సప్లిమెంటు డబ్బా మీది నంబరును మందు అనుమతి కింద అసలు లెక్కే వేయకండి. చాలాచోట్ల గ్లూకోసమైన్ ఆహార పదార్థంగా నమోదవుతుంది. తయారీదారు వివరాలు ఇచ్చాడని, నమోదయ్యాడని ఆ నంబరు చెబుతుంది. పనిచేస్తుందని ఎవరూ రుజువు చూడలేదు. ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకోటుంది. కీళ్లనొప్పుల కోసం అమ్మే కొన్ని సప్లిమెంట్లలో లేబుల్ మీద రాయకుండా డైక్లోఫెనాక్, డెక్సామెథాసోన్ కలిపారని 2022లో అమెరికా ఎఫ్‌డీఏ హెచ్చరించింది. మీ అమ్మగారు తీసుకునేదాంట్లో అలాంటిది ఉంటే, తెలియకుండానే రెండు నొప్పి మందులు ఒకేసారి వేసుకుంటున్నట్టు. అచ్చమైన గ్లూకోసమైన్ ఒకటి రెండు రోజుల్లో నొప్పి లాగేయదు. అలా లాగేసి ఉంటే అనుమానించాల్సిందే. ఇందులో ఒక జాగ్రత్త ఉంది: డెక్సామెథాసోన్ స్టెరాయిడ్. వారాల తరబడి వాడి ఒక్కసారిగా మానేస్తే నీరసం, వాంతులు, బీపీ పడిపోవడం వరకు వెళ్లొచ్చు. కాబట్టి ఆ డబ్బాను చెత్తబుట్టలో వేయకుండా డాక్టరు దగ్గరికే పట్టుకెళ్లండి, ఎన్నాళ్లుగా వాడుతున్నదీ చెప్పండి. రక్తం పలుచబడే వార్ఫారిన్ లాంటివి వాడేవాళ్లకు గ్లూకోసమైన్ అసలుకే మంచిది కాదు.

డాక్టరును కలిసినప్పుడు "ఈ మందు మంచిదేనా?" అని అడిగితే "మంచిదే" అంటారు, ఇంకేమంటారు? ఇలా అడగండి: "అమ్మకు అరుగుదలే అయితే 30 లేదా 60తో సరిపోతుందా? బీపీ మాత్రలో సార్టాన్, నీటి మాత్ర రెండూ ఉన్నాయి, కిడ్నీ పరీక్ష ఎప్పుడు చేయించాలి? ఎన్నాళ్లు వాడాలి, ఏ తేదీన ఆపాలి? దీనికి బదులు మోకాలికి రాసుకునే డైక్లోఫెనాక్ జెల్ పనికొస్తుందా?" మోకాలి అరుగుదలకు పైపూత జెల్‌ను చాలా మార్గదర్శకాలు మాత్రల కన్నా ముందు పెట్టాయి. రక్తంలోకి చేరేది మాత్రతో పోలిస్తే చాలా కొద్ది. తొడ ముందు కండరాలు బలపడే వ్యాయామం, బరువు ఎక్కువుంటే తగ్గడం కూడా నొప్పిని నిజంగానే తగ్గిస్తాయి, వాటికి కొన్ని వారాలు పడుతుంది. మీ డాక్టరు పొరపాటు చేశారని మేం అనడం లేదు. సార్టాన్, నీటి మాత్ర కలిసిన బీపీ మాత్ర సంగతి ఆయనకు ఎవరైనా చెప్పారా అన్నదే మా అనుమానం. "బీపీ మాత్ర వేసుకుంటోంది" అని మాత్రమే చెబితే అందులో ఏమున్నదీ తెలియదు. స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లి బల్ల మీద పెట్టండి.

ఈ మందు వల్లే అని అనిపించే తేడా ఏదైనా అమ్మగారికి వస్తే, కచ్చితంగా తేలేదాకా ఆగకండి. మీ దేశపు ఔషధ నిఘా కేంద్రానికి మీరే నేరుగా చెప్పొచ్చు, చాలా దేశాల్లో రోగులు, బంధువులు పంపినవి కూడా తీసుకుంటారు. అనుమానం చాలు, రుజువు చూపించడం మీ పని కాదు. మందు పేరు, డోసు, బ్యాచ్ నంబరు, మొదలుపెట్టిన తేదీ, తేడా కనబడిన తేదీ, పక్కన వాడుతున్న మందులన్నీ, ఆపాక తగ్గిందా లేదా, ఇవి రాయండి. గ్లూకోసమైన్‌ను కూడా ఆ జాబితాలో చేర్చండి. చాలామంది దాన్ని మందుగా లెక్కపెట్టరు, అందుకే అది ఫిర్యాదుల్లో కనబడదు.